రత్నాకరుని అడుగున
(ఒక పఠనమందిర సభలో మేము చేసిన ప్రసంగము)



ఈ మందిరపు గోడమీద ఒక ప్రపంచపటము వ్రేలాడుచున్నది. దానియందు భూభాగము నానావర్ణములతో నిండియున్నది. నదులు, పర్వతములు, పట్టణములు, రైలుమార్గములు. సూది మోపుటకు సందు లేదు. సముద్రభాగమున్ననో ఒకటే నీలిరంగు. పటము గీచినవానికి అచ్చట చెప్పదగిన దేమియు లేకపోయెనని చూచువారికి తోచును. భూగోళమున నూటికి 71 పాళ్లు ఆ నీలిరంగే. చదువుకొన్నవారిని సైతము సముద్రపుటడుగు ఎట్లుండునని అడిగినచో, ఇసుకయు బురదయు పరచిన పెద్ద గుంట యని చెప్పి ఊరకుందురు. ఆ గుంటలో మన దేశమునకు 75,000 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణపు హక్కు కలదు. అనగా తెలంగాణ రాష్ట్రపు విస్తీర్ణమున మూడింట రెండు వంతులు. దానిమీదికి యంత్రములను దింపు ప్రయత్నములు జరుగుచున్నవి. తన చేని గట్లు ఎరుగనివాడు కౌలుపత్రముమీద చేవ్రాలు చేయరాదు గదా! కాన ఆ నేలయెట్టిది, అందు కాపురమున్నవారెవరు అను సంగతి నేడు కొంత విన్నవించెదము.

మన తీరమునుండియే బయలుదేరుదము. విశాఖపట్టణముననో మచిలీపట్టణముననో ఒడ్డున నిలిచి చూచునపుడు ముందుగా నీటిక్రింద నున్నది మునిగిపోయిన మన భూమియే. పాఠ్యపుస్తకములు దీనిని ఖండతీరపు అంచు అనుచున్నవి. సుమారు 20,000 ఏండ్ల క్రిందట, మంచుయుగమున, సముద్రమట్టము నేటికంటె ఇంచుమించు 120 మీటర్లు క్రింద నుండెను. నాడు గోదావరియు కృష్ణయు ఈ నేలమీదుగానే పారి సముద్రమున కలిసినవి. మన జాలరులు లోతును బారలతో కొలుతురు; చాచిన రెండు చేతుల పొడవు ఒక బార. నూరు నూటపది బారల లోతు వరకు ఈ అంచు సాగును. పైభాగమున ఎండ చొచ్చును, నదులు తెచ్చు సారము చేరును, కావున చేపయు రొయ్యయు ఇచ్చటనే పుష్కలము. మన అంగళ్లలో అమ్ముడుపోవు సముద్రపు చేపలో అధికభాగము ఈ పలుచని అంచునుండి వచ్చినదే. మరపడవల ట్రాలు వలలు దీనిని గీకుచుండుటచే తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిలుపుచున్నారు. అడుగుననున్న జీవములకును విశ్రాంతి కావలెనని ఈ అంచు విషయమున మనము ఒప్పుకొన్నట్లే. లోతునకు పోయినకొలది ఈ ఒప్పుదల ఏమైపోవునో ముందు చూతుము.

అంచు ముగియగానే నేల పల్లమునకు జారును. అది ఖండతీరపు వాలు. దానిని నిలువున చీల్చుకొని లోయలు దిగుచున్నవి. 1952 మొదలు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి పనిచేసిన యూజీన్ లఫాండ్ అను అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు, ఇచ్చటి అధ్యాపకులతోను విద్యార్థులతోను కలిసి మన తీరమును పరిశీలించెను. 1964లో ప్రకటించిన వ్యాసమున మన వాలుపైని మూడు లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ యను పేరులు కానవచ్చుచున్నవి. మహాదేవన్ అనగా ఆ పరిషత్తునందలి భూగర్భశాస్త్రాచార్యుడే. తెలుగువారి పేరున వీథులు, విగ్రహములు ఎన్నియో వెలసినవి గాని, నీటిక్రింద ఆంధ్రలోయ యొకటి కలదని మనలో ఎరిగినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారే.

ఇట్టి లోయలు వట్టి పగుళ్లు కావు. ఒడ్డునుండి కొట్టుకొనివచ్చిన ఆకు, అలము, ఒండ్రు వీనివెంట జారి, వెలుతురు లేని లోతులయందలి జీవులకు అన్నమగును. నిలువుగోడలమీద బురద నిలువదు గనుక, గట్టిరాతిని పట్టుకొని బ్రతుకు పగడములకును స్పంజులకును అవి తావులగును. బంగాళాఖాతపు శిరోభాగమున, గంగా ముఖద్వారములకు ఎదుట, ఇట్టి మహాలోయ యొకటి కలదు. గుండు వేసిన అడుగు తగులలేదని నాటి నావికులు దానికి అడుగులేని పట్టె యని అర్థము వచ్చు ఆంగ్లనామము పెట్టిరి. అచ్చట డాల్ఫినులును తిమింగలములును ఏడాది పొడవున తిరుగుటచే బంగ్లాదేశమువారు 2014లో దానిని రక్షితప్రదేశముగా ప్రకటించిరి.

లోతునకు పోయిన జీవమే యుండదని ఒకనాడు పండితులే సిద్ధాంతము చేసిరి. 1843లో ఎడ్వర్డు ఫోర్బెస్ అను ఆంగ్లేయుడు, 300 బారలకు దిగువ ప్రాణి యుండదని చెప్పెను. ఏజియను సముద్రమున కొంత గాలించి చూచి, చూడని మిగిలిన సముద్రమునకెల్ల ఆ సూత్రమును అంటగట్టెను. 1872-76 నడుమ చాలెంజరు నౌక ప్రపంచసముద్రములను గాలించి, వలవేసిన ప్రతి లోతునను ప్రాణులను పైకి తీసి ఆ మాటను పూర్తిగా తుడిచివేసెను. ఫోర్బెస్ మంచి శాస్త్రజ్ఞుడే. చూడనిదానిని శూన్యమనుకొనుట మంచివారికిని అలవాటు.

మన వాలుమీదనే ఇందుకు మరియొక సాక్ష్యమున్నది. బంగాళాఖాతమున నడిమి లోతులలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగు నీటిపొర యొకటి కలదు. ఆ పొర వాలును తాకుచోట పెద్ద జంతువులు అరుదు. చూచినవాడు ఇక క్రింద ఏమియు లేదని వెనుదిరుగును. కాని 2018లో గోవాయందలి జాతీయ సముద్రవిజ్ఞానసంస్థవారు సింధు సాధన నౌకపై వచ్చి, కృష్ణా గోదావరి పరీవాహపు ఎదుట వేయిమీటర్లకు మించిన లోతున చల్లని ఊటలను కనుగొనిరి. నేలలోనుండి మీథేను వాయువు ఊరుచుండును. సూక్ష్మజీవులు దానిని ఆధారముగా చేసికొని బ్రతుకును. ఆ సూక్ష్మజీవులను ఆశ్రయించి ఆలుచిప్పలు, గొట్టపు పురుగులు గుంపులుగా కాపురముండును. సూర్యునితో నేరుగా పనిలేని ఈ ఊళ్లు మన రెండు నదుల ఒండ్రుక్రిందనే పుట్టినవి! ఆ ఒండ్రులోనే మీథేను మంచుగడ్డవలె పేరుకొని యున్నదని 2006లో జరిపిన త్రవ్వకములయందు తేలినది. ఇంధనముగా దానిని వెలికితీయు ఉపాయములు ఆలోచింపబడుచున్నవి. ఊట కాపురస్థుల మాట ఆ ఆలోచనలలో ఎంతవరకు వినబడునో తెలిసికొనవలసియున్నది.

వాలు దిగినంతనే మహామైదానము. హిమాలయములనుండి గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిన ఒండ్రు బంగాళాఖాతపుటడుగున విసనకఱ్ఱవలె పరచుకొని, సింహళద్వీపమును దాటి, సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున పడియున్నది. ఇంతటి ఒండ్రుపరపు ప్రపంచమున మరియొకటి లేదు. పైనుండి రాలు చచ్చిన సూక్ష్మజీవుల ధూళియే ఇచ్చటి ప్రాణులకు ప్రధానాహారము. దానిని ఏరుకొని తినుచు సముద్రపు దోసకాయలనబడు మెత్తని జంతువులును, నక్షత్రచేపలును మెల్లమెల్లగా నడచుచుండును. ఈ ఒండ్రుక్రింద తొంబదవ రేఖాంశము వెంట దాదాపు తిన్నగా సాగిన 5,000 కిలోమీటర్ల పర్వతశ్రేణి ఉత్తరపు కొస కప్పబడియున్నది. దక్షిణభాగము నీటిలో తలయెత్తి నిలిచియున్నది.

పర్వతముల మాట వచ్చినది గనుక మీకు దగ్గర దృష్టాంత మొకటి చెప్పెదము. రాజమహేంద్రవరమునకు సమీపమున కాటేరు, పంగిడి ప్రాంతములలో రోడ్లకు కంకర కొట్టు నల్లరాయి మీలో పలువురు చూచియే యుందురు. అది కరిగి పారిన అగ్నిపర్వతశిల. దాని పొరలనడుమ సముద్రపు నత్తగుల్లలు దొరకుచున్నవి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట దక్కను పీఠభూమిని కప్పిన శిలాద్రవమే తూర్పున ఇంతదూరము పారివచ్చినదని శాస్త్రజ్ఞులలో పెక్కండ్రు చెప్పుచున్నారు. ఆ నిప్పు భూమిలోపల ఒకచోటనే యుండెను. మన దేశపు పలక దానిమీదుగా ఉత్తరమునకు నడచినది. నడచినంతమేర సముద్రగర్భమున కొండలబారు మిగిలినది. లక్షద్వీపములు, మాల్దీవులు, చాగోసు ద్వీపములు ఆ బారుమీదివే. నేడు ఆ నిప్పు రీయూనియను ద్వీపమున రగులుచున్నది. కొండలు క్రమముగా క్రుంగిపోగా, వాని శిరస్సులపై పగడపు పురుగులు వెలుతురుకొరకు పైపైకి కట్టుకొనివచ్చిన గోడలే లక్షద్వీపములు. కొండ క్రుంగుట, పగడము పెరుగుట అను ఈ పద్ధతిని డార్విను 1842లోనే విశదపరచెను. మినికాయి ద్వీపవాసులు బ్రతికియున్న చిన్నచేపలను ఎరగా చల్లి, గాలపుకఱ్ఱలతో సూరచేపను పట్టుదురు. ఆ ఎరచేపలు దొరకునది పగడపు దిబ్బల నడిమి మడుగులలోనే. పంగిడి కంకరయు మినికాయి సూరచేపయు ఒక్క నిప్పునుండి పుట్టినవన్న వింతగా తోచును గాని సత్యము.

ఇక మహాసముద్రముల నడుమకు పోవుదము. బంతిపై కుట్టువలె, భూగోళమును చుట్టి సుమారు 65,000 కిలోమీటర్ల పర్వతశ్రేణి నీటిలో నున్నది. దాని నడినెత్తిన చీలిక కలదని, 1950వ దశకారంభమున నౌకల కొలతలను పటముగా గీయుచు కనుగొన్నది మేరీ థార్ప్ అను వనిత. ఆమె సహచరుడు బ్రూసు హీజెను మొదట దానిని ఆడువారి కబురని త్రోసివేసెను. పిదప తానే ఒప్పుకొనెను. మన అరేబియాసముద్రమున ఈ శ్రేణికి కార్ల్స్‌బర్గ్ అని పేరు. ఈ చీలికవెంట నేల విడిపోవుచు, క్రొత్త నేల పుట్టుచుండును. సందులలో దూరిన సముద్రజలము క్రింది వేడికి కాగి, లోహములను కరిగించుకొని, 350 డిగ్రీల మించిన వేడితో మరల పైకి చిమ్మును. మీది నీటి బరువుచేత అది ఆవిరి కాజాలదు. చల్లని నీరు తగిలినంతనే లోహములు నల్లపొగవలె విడిపోయి గొట్టములుగా పేరుకొనును. ఇట్టి వేడినీటి బుగ్గలచుట్టు జీవములున్నవని 1977లో గాలాపగోసు దీవులకడ తొలుత కనుగొనిరి.

మన కవులు సముద్రమధ్యమున బడబానలము కలదనిరి. సభలో కొందరి ముఖములు వికసించుట చూచుచున్నాము. ఇదంతయు మన పూర్వులకు ముందే తెలియునని చెప్పుమని వారి కోరిక. మేమట్లు చెప్పము. కవి కల్పించినది కవిది, నావికుడు దిగి చూచినది నావికునిది. కలిపినచో ఇద్దరికిని అన్యాయమగును.

హిందూమహాసముద్రమున రోడ్రిగ్సు ద్వీపమునకు ఆగ్నేయముగా కైరేయ్ అను బుగ్గలతావును జపానువారు 2000లో చూచిరి. సుమారు 2,400 మీటర్ల లోతు. మరునాటి సంవత్సరమున అచ్చట ఒక నత్త దొరకినది. దాని పాదమునిండ పెంకులవంటి పొలుసులు. వానిమీద ఇనుము గంధకములు కూడిన పూత! ఇనుపకవచము తొడిగిన జంతువు వేరొకటి తెలియదు. ఆ నత్త మేత మేయదు. దాని కడుపునకు పైనున్న గ్రంథిలో కాపురమున్న సూక్ష్మజీవులే బుగ్గనీటి సారమును పుచ్చుకొని దానికి అన్నము పెట్టును. వానికి ప్రాణవాయువు అందించుటకై దేహపరిమాణమునకు మించిన పెద్దగుండె దానికి కలదు. 2019 నాటికి ఈ నత్త మూడే తావులలో తెలిసియుండెను. ఆ తావులన్నియు కలిపి సుమారు 5 ఎకరములు. ఒక ఊరి చెరువుపాటి నేల! ఆ ఏడే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు దానిని అంతరించు ప్రమాదముననున్న జీవుల పట్టికలో చేర్చిరి. గనుల త్రవ్వకపు భయము కారణముగా ఆ పట్టికకెక్కిన మొదటి లోతుసముద్రపు జీవి అదియే.

గనులా యని మీరడుగుదురు. బుగ్గలచుట్టు పేరుకొన్నది రాగి, జింకు, బంగారము కలిసిన ముడిలోహము. మన ప్రభుత్వము 2016లో ఈ నడిసముద్రపు శ్రేణులపై 10,000 చదరపు కిలోమీటర్లకును, 2025లో కార్ల్స్‌బర్గ్ శ్రేణిపై మరి 10,000 చదరపు కిలోమీటర్లకును అన్వేషణ ఒడంబడికలు చేసికొన్నది. 2024 డిసెంబరులో మన శాస్త్రజ్ఞులు 4,500 మీటర్ల లోతున పొగలు చిమ్ముచున్న బుగ్గను మానవరహిత యంత్రముతో చిత్రించిరి. మనవారు సాధించిన ఈ పనికి మేము మనసార సంతోషించితిమి. పత్రికలలో దానిక్రింద వ్రాసిన వ్యాఖ్యలలో మాత్రము లోహముల మాట పదిసార్లు, జీవుల మాట ఒకసారి కనబడెను.

మొదట చెప్పిన 75,000 చదరపు కిలోమీటర్లు వేరు. అది కన్యాకుమారికి దక్షిణమున సుమారు 2,000 కిలోమీటర్ల దూరమున, 5,000 మీటర్లకు మించిన లోతున నున్న మైదానము. దానిమీద బంగాళాదుంపలవలె నల్లని గడ్డలు పడియున్నవి. మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు వానిలో కలవు. మన గవేషణి నౌక 1981 జనవరి 26న తొలిగడ్డను పైకి తెచ్చెను. 1987లో ప్రపంచమున అందరికంటె ముందు మనకు మార్గదర్శక హోదా లభించెను. 2002లో జమైకాయందలి అంతర్జాతీయ సముద్రతల ప్రాధికారసంస్థతో ఒడంబడిక కుదిరి, పిమ్మట రెండుమారులు పొడిగింపబడినది. అందలి సంపద 38 కోట్ల టన్నులని అంచనా. అడుగున నడచి ఈ గడ్డలను ఏరు యంత్రమునకు మనవారు వరాహ యని పేరిడిరి. 2021లో అది 5,270 మీటర్ల లోతున నడచినది. భూమిని నీటినుండి ఉద్ధరించిన మూర్తి పేరు, నీటి అడుగునుండి భూమిని గీకు యంత్రమునకు! పేరు పెట్టినవారి భక్తిని శంకింపము.

ఈ గడ్డ యెట్లు పుట్టునో వినుడు. ఒక సొరచేప పన్నో, రాతిముక్కయో అడుగున పడును. నీటిలోని లోహములు దానిచుట్టు పొరపొరగా అంటుకొనును. పదిలక్షల యేండ్లకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగును. మెత్తని ఒండ్రు తప్ప మరేమియు లేని ఆ మైదానమున గట్టిగా పట్టుకొనుటకు దొరకునది ఈ గడ్డయే. స్పంజులు, పగడములు, పూవులవంటి జంతువులు దానిమీద నాటుకొనును. గడ్డను తీసినచో ఇల్లు పోవును. మరల ఆ ఇల్లు కట్టుటకు మనుష్యజాతి వయస్సు చాలదు. 1989లో జర్మనీవారు పెరూదేశపు ఎదుటి సముద్రమున ఇట్టి నేలను పరీక్షార్థము నాగలివంటి సాధనముతో దున్నిరి. 26 ఏండ్ల తరువాత, 2015లో, మరల పోయి చూడగా చాళ్లు నిన్న దున్నినట్లే యుండెను. సూక్ష్మజీవుల పని ఆ చాళ్లలో ఇంకను కోలుకొనలేదు.

సభలో కూర్చున్న యువకులారా, మీ ప్రశ్న మాకు తెలియును. బొగ్గుపొగ మానవలెనన్న విద్యుత్ వాహనములు కావలెను, వానికి నికెలు కోబాల్టులు కావలెను, అవి పరదేశములనుండి కొనుచుండుట ఎంతకాలము? న్యాయమైన ప్రశ్నయే. ఆ లోహములు భూమిమీద త్రవ్వునపుడు ఊళ్లు లేచిపోవుట, అడవులు నరకబడుట మనకు తెలియని సంగతి కాదు. సముద్రపు గనిని అసలు తాకరాదని మేము ఆన పెట్టుట లేదు. కాని భూమిమీది గని నష్టపరచినవారు లేచి అర్జీ పెట్టుకొందురు. సముద్రపు నత్త అర్జీ పెట్టదు. పైగా ఈ లోహములు లేని బ్యాటరీలు ఇప్పుడే బజారున అమ్ముడుపోవుచున్నవి. తొందర ఎవరిదో ఆలోచింపవలెను. 2025 ఏప్రిలులో అమెరికా అధ్యక్షుడు అంతర్జాతీయ సంస్థ ప్రసక్తి లేకయే త్రవ్వకపు అనుమతులు ఇచ్చు ఆజ్ఞ చేసెను. ముప్పదికి పైగా దేశములు కొంతకాలము ఆగుదమని కోరినవి. త్రవ్వకపు నిబంధనలు 2025 జూలై సమావేశముల నాటికిని పూర్తికాలేదు.

సముద్రతలము మానవజాతికెల్ల ఉమ్మడి ఆస్తి యని 1982 నాటి సముద్రచట్టపు ఒప్పందము చెప్పినది. 1967లో ఐక్యరాజ్యసమితిలో ఆ వాదమును లేవదీసినది మాల్టా యను చిన్నదేశపు ప్రతినిధి ఆర్విడ్ పార్డో. బలవంతులు దోచుకొనకుండుటకై పేదదేశములు ఆ మాట పట్టుకొని నిలిచినవి, మనమును నిలిచితిమి. నేడు మనమే యంత్రము దింపగల స్థితికి వచ్చితిమి. ఉమ్మడి ఆస్తి యను మాట బీదరికమున ఒక అర్థము, కలిమిలో ఒక అర్థము ఇచ్చునది కారాదు.

మేము కోరునవి మూడు. పొగచిమ్ముచున్న బుగ్గను దేనినైనను మనము త్రవ్వమని ప్రభుత్వము ముందుగా ప్రకటించుట. గడ్డల మైదానమున మన మేరలోనే పెద్దభాగమును, మంచి గడ్డలున్న భాగమును, ఎన్నడును తాకకుండ విడిచిపెట్టుట. గొడ్డునేలను విడిచి దానము చేసితిమనరాదు. మూడవది మనకు దగ్గరిది. మన శాస్త్రజ్ఞులు 1997లోనే అచ్చట అడుగును కలచి ఫలితమును పరీక్షించియున్నారు. నాటినుండి వ్రాసినవి ఎన్నియో యున్నవి. అన్నియు ఆంగ్లమున. ఒడంబడిక గడువు 2027లో తీరనున్నది. ఆ లోపల, అచ్చట ఏ జీవులను చూచిరి, కలచిన నేల ఎంత కోలుకొనినది అను వివరమును తెలుగున ఒక చిన్నపుస్తకముగా అచ్చువేసి పఠనమందిరములకు పంపవలెనని ఒక విన్నపము వ్రాసితిమి. ప్రతి ఇచ్చట బల్లమీద నున్నది. చదివి, సమ్మతమైనవారు చేవ్రాలు చేయుడు. పుస్తకము వచ్చిన దినమున మరల ఇచ్చటనే కూడి, ఆ గోడమీది పటమున నీలిరంగుపై కొన్ని పేరులు వ్రాసికొందము.